పాల ప్యాకెట్‌కి బండి తీయాల్సిన ఇల్లు

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో ఒక సైకిల్ ట్రాకు తెరిచారు. పొడవు 23 కిలోమీటర్లు. చాలా భాగానికి సోలార్ పలకల కప్పు ఉంది కాబట్టి ఎండా వానా తగలవు. చూడముచ్చటగా ఉంటుంది. సెలవు రోజు పొద్దున్నే అక్కడికి వెళ్తే పార్కింగులో వరసగా కార్లు, కొన్నిటి వెనక స్టాండుకు బిగించిన సైకిళ్లు కనిపిస్తాయి. ఇంటి దగ్గర్నుంచి అక్కడిదాకా ఆ ట్రాఫిక్‌లో తొక్కుకుంటూ రావడానికి చాలామందికి ధైర్యం చాలదు. అందుకని సైకిలు కారెక్కి వస్తుంది, కాసేపు తిరుగుతుంది, మళ్లీ కారెక్కి ఇంటికి పోతుంది.

ఆ ట్రాకును తప్పుపట్టడం లేదు, అలాంటివి ఉండాల్సిందే. కాకపోతే ఆరోగ్యం కోసం ఊరు కట్టడమంటే మనం ఏమనుకుంటున్నామో అక్కడ తేటగా కనిపిస్తుంది. వ్యాయామాన్ని విడిగా తీసి ఒక మూల పెడుతున్నాం. పార్కులో వాకింగ్ ట్రాకు, ట్యాంకు పక్కన ఓపెన్ జిమ్, అపార్ట్‌మెంట్లలో క్లబ్‌హౌస్. మిగతా ఊరినంతా కాలు కింద పెట్టకుండా బతికేలా కడుతున్నాం. రోజు మొత్తంలో మన ఒంటికి పని చెప్పేదో చెప్పనిదో ఆ మిగతా ఊరే.

కొన్ని అంకెలు చూద్దాం. లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో 2024లో వచ్చిన అధ్యయనం ప్రకారం, 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి ఒంటికి చాలినంత కదలిక లేదు. 2000 సంవత్సరంలో ఇది 22 శాతం దగ్గర ఉండేది. 2022లో మగవాళ్లలో 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం. ఇంకోవైపు, భారత వైద్య పరిశోధన మండలి మద్దతుతో జరిగిన దేశవ్యాప్త సర్వే 2023లో వేసిన అంచనా ప్రకారం షుగరు ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే. షుగరు గుమ్మంలో ఉన్నవాళ్లు మరో 13 కోట్లకు పైగా.

ఇరవై రెండేళ్లలో ఒక దేశపు జనమంతా కూడబలుక్కుని బద్ధకస్తులు కారు. మనుషులు వాళ్లే, చుట్టూ ఉన్నది మారింది. పొలంలో యంత్రం, ఇంట్లో మిక్సీ, గుమ్మంలో స్కూటర్, చేతిలో ఫోను. ఇవన్నీ మనం కోరుకున్నవే, వీటిని వెనక్కి పంపమని ఎవరూ అడగరు. కాకపోతే పనిలోంచి పోయిన కదలికను ఊరి దారుల్లో తిరిగి ఇచ్చే వీలుంది. ఆ వీలును కూడా మన చేతులారా మూసేసుకుంటున్నాం.

డాక్టర్లు చెప్పే లెక్క వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు శ్రమ. చురుగ్గా నడవడం అలాంటిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకప్పుడు ఇందులో ఒక షరతు పెట్టేది. ఒక్కో విడతా కనీసం పది నిమిషాలైనా ఆగకుండా సాగాలి అని. 2020 మార్గదర్శకాల్లో ఆ షరతు తీసేసింది. ఎంత చిన్నదైనా ప్రతి కదలికా లెక్కలోకి వస్తుందంది. బస్టాపుకి ఐదు నిమిషాలు, కూరగాయలకు ఆరు నిమిషాలు, మూడో అంతస్తుకి మెట్లు, ఇవన్నీ జమే. ఊరు కట్టేవాళ్లకి ఇంతకంటే మంచి కబురు లేదు. ట్రాక్ సూటు వేసుకోని మనిషిని కూడా ఊరే ఆ లెక్కకు చేర్చగలదు.

ఈ ఆలోచన పుట్టుక లండన్ బస్సుల్లో ఉంది. జెరెమీ మోరిస్ అనే డాక్టరు, ఆయన సహచరులు 1953లో లాన్సెట్‌లో ఒక అధ్యయనం ప్రచురించారు. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టికెట్లు కొట్టడానికి పైకీ కిందికీ రోజూ వందల మెట్లు ఎక్కి దిగుతాడు. సికింద్రాబాద్ నుంచి జూపార్కుకి 7జెడ్ బస్సులో వెళ్లినవాళ్లకి ఆ దృశ్యం గుర్తుండే ఉంటుంది. డ్రైవరుదీ కండక్టరుదీ ఒకే బస్సు, ఒకే సంస్థ, ఒకే తరహా కుటుంబాలు. అయినా గుండెపోట్లు డ్రైవర్లకు ఎక్కువ, కండక్టర్లకు తక్కువ. వచ్చినా కండక్టర్లలో అంత తీవ్రంగా ఉండేవి కావు. మోరిస్ అంతటితో ఊరుకోలేదు. కొంపదీసి లావుగా ఉన్నవాళ్లే డ్రైవర్లుగా చేరుతున్నారేమోనని అనుమానం వచ్చి, సంస్థ కుట్టించే యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు తెప్పించి చూశాడు. అనుమానంలో కొంత నిజముందని, డ్రైవర్ల నడుములు మొదట్నుంచీ కాస్త పెద్దవేనని 1956లో తానే రాశాడు. సొంత సిద్ధాంతానికి అడ్డొచ్చే సాక్ష్యాన్ని తానే వెతికి బయటపెట్టేవాళ్లు అరుదు. ఆ తరవాత ఎన్నో దేశాల్లో జరిగిన అధ్యయనాలు కదలికకూ గుండెకూ ఉన్న సంబంధాన్ని ఖాయం చేశాయి.

మనకు కావాల్సిన ముక్క ఏమిటంటే, ఆ కండక్టరు వ్యాయామం చేయలేదు, ఉద్యోగం చేశాడు. మెట్లు అతని దారిలో ఉన్నాయి, అంతే. మన అపార్ట్‌మెంట్లలో లిఫ్టు ఎదురుగా, వెలుతురులో ఉంటుంది. మెట్లు వెనక, చీకట్లో, పాత మంచాలూ చెప్పుల స్టాండ్లూ పేర్చిన చోట ఉంటాయి. మెట్లను ముందుకు తెచ్చి, ఒక కిటికీ పెట్టి, గాలీ వెలుతురూ రానిస్తే రెండో అంతస్తు వాళ్లయినా లిఫ్టు కోసం నిలబడరు. నిర్మాణ ఖర్చులో అదెంత?

ఇక వీధి సంగతి. జేమ్స్ సాలిస్ అనే అమెరికన్ పరిశోధకుడి బృందం 10 దేశాల్లోని 14 నగరాల్లో సుమారు 6,800 మందికి నడుముకు చిన్న యంత్రాలు కట్టి, వాళ్లు రోజూ ఎంత కదులుతున్నారో కొలిచింది. ఫలితాలు 2016లో వచ్చాయి. నడకకు బాగా అనువైన పేటల్లో ఉండేవాళ్లు, ఏమాత్రం అనువుగాని పేటల్లో ఉండేవాళ్ల కంటే వారానికి 48 నుంచి 89 నిమిషాలు ఎక్కువ కదులుతున్నారు. డాక్టర్లు అడిగే 150 నిమిషాల్లో మూడో వంతు నుంచి సగం పైదాకా కేవలం ఇంటి చిరునామా వల్ల వచ్చేస్తోందన్నమాట. నాలుగు విషయాలు ఈ తేడాకు గట్టిగా ముడిపడి కనిపించాయి. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉండటం, వీధులు తరచుగా కలుసుకోవడం, బస్సులూ రైళ్లూ ఆగే చోట్లు ఎక్కువగా ఉండటం, నడిచి వెళ్లగల దూరంలో పార్కులు ఎక్కువ సంఖ్యలో ఉండటం. ఆ చివరిదాన్ని కాస్త పట్టించుకోవాలి. పెద్ద పార్కు ఒకటి ఉంటే చాలదు, చిన్నవైనా చాలా ఉండాలి.

ఆ 14 నగరాల్లో మనది ఒక్కటీ లేదు. అందుకే అక్కడి పాఠాన్ని ఇక్కడికి తెచ్చేటప్పుడు కాస్త జాగ్రత్తపడాలి. అమెరికా పట్టణ నిపుణులు ‘ఇళ్లు దగ్గరగా కట్టండి, కింద దుకాణాలు రానివ్వండి’ అని అక్కడివాళ్లకు మొత్తుకుంటారు. మనకు ఆ మాట కొత్తగా చెప్పేదేముంది? విజయవాడ వన్‌టౌన్, రాజమండ్రి మెయిన్ రోడ్డు చుట్టుపక్కల సందులు, వరంగల్‌లోని మట్టెవాడ, హైదరాబాద్‌లోని చిక్కడపల్లి ఇలాగే పెరిగాయి. కింద కిరాణా, పైన కాపురం, పక్క సందులో టైలరు, మలుపులో మెడికల్ షాపు, ఆ పక్కనే గుడి. ఎనభైల్లో హౌసింగ్ బోర్డు కట్టిన కూకట్‌పల్లి కాలనీలో కూడా నిలువు వీధులూ అడ్డ వీధులూ తరచుగా కలుస్తాయి. ఒక దారి మూసుకుంటే ఇంకో దారి ఉంటుంది. ఇప్పుడక్కడ రద్దీ భరించలేం, పార్కింగు పెద్ద గొడవ, నిజమే. అయినా అక్కడ కొత్తిమీర కట్ట కోసం ఎవరూ బండి తీయరు.

పోగొట్టుకుంటున్నది కొత్త ఊళ్లలో. నగరం అంచున ఎకరాలకు ఎకరాలు చుట్టూ ప్రహరీ కట్టి, ఒకటో రెండో గేట్లు పెట్టి, లోపల వెయ్యి ఫ్లాట్లు లేపుతున్నారు. బ్రోషరులో మొదటి పేజీలోనే జాగింగ్ ట్రాకు ఉంటుంది. గోడకు అవతల, కిటికీలోంచి కనిపించే దుకాణానికి వెళ్లాలంటే మాత్రం గేటు దాకా వెళ్లి, మెయిన్ రోడ్డెక్కి, గోడ చుట్టూ తిరిగి రావాలి. చూపుకు వంద గజాలు, నడకకు కిలోమీటరు. ఆ కిలోమీటరులో ఫుట్‌పాత్ ఉండదు, పక్కనంతా బోసి గోడ, ఒక్క కిటికీ తెరుచుకోదు, సాయంత్రమైతే చీకటి. అలాంటి చోట ఎవరు నడుస్తారు? ఫోను తీసి పాలప్యాకెట్ తెప్పించుకుంటారు. నడిచే అవసరాన్ని తీసేసి, నడిచే చోటును అమ్ముతున్న వ్యాపారం ఇది. నెలనెలా మెయింటెనెన్స్ కట్టి మరీ కొనుక్కుంటున్నాం.

గోడ వద్దంటే భద్రత మాటేమిటని అడుగుతారు. సబబైన ప్రశ్నే. గోడ తీసేయక్కర్లేదు. పెద్ద ప్రాజెక్టుకు అన్ని వైపులా మనిషి మాత్రమే పట్టే చిన్న గేట్లు పెట్టి, కార్డుతో తెరుచుకునే ఏర్పాటు చేయొచ్చు. రెండు ప్రాజెక్టుల మధ్య ఒక నడకదారి వదలమని లేఅవుట్ అనుమతి ఇచ్చేటప్పుడే అడగొచ్చు. లేఅవుట్లలో కనీసం 10 శాతం ఖాళీ జాగా వదలాలని మన నిబంధనలు ఇప్పటికే చెబుతున్నాయి. ఆ పది శాతం ఎక్కడ వదులుతున్నారో చూడండి. హైటెన్షన్ తీగల కిందో, మూల ముక్కలోనో, ప్లాటుగా అమ్ముడుపోని చోటో కనిపిస్తుంది. అదే జాగా నాలుగు వీధులు కలిసే నడిమధ్యన ఉంటే పిల్లలు వాళ్లంతట వాళ్లే చేరతారు, వాళ్ల వెనక నానమ్మలూ తాతయ్యలూ చేరతారు.

ఫుట్‌పాత్ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మన ఊళ్లలో అసలు తగాదా అక్కడే ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం ఇళ్ల మధ్య ఫుట్‌పాత్ మీద అడ్డం లేకుండా నడిచే వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. చక్రాల కుర్చీలు రెండు ఎదురెదురుగా వచ్చినా తప్పుకునేంత. రోడ్డు నుంచి ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు, అంటే అర అడుగు. మన దగ్గర చాలా చోట్ల అడుగున్నర ఎత్తు కడతారు, బళ్లు ఎక్కకూడదని. బళ్లు ఎలాగూ ఎక్కుతాయి, ఎక్కలేనిది మోకాళ్ల నొప్పుల మనిషే. ప్రతి ఇంటి గేటు ముందూ ఫుట్‌పాత్ కారు కోసం దిగిపోయి మళ్లీ లేస్తుంది. పద్ధతి ప్రకారమైతే ఫుట్‌పాత్ ఒకే మట్టంలో సాగాలి, కారే దాన్ని ఎక్కి దిగాలి. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్, మూత లేని మ్యాన్‌హోల్, ఫ్లెక్సీ బోర్డు కర్రలు, వరసగా పార్క్ చేసిన బైకులు. ఇన్ని దాటి నడిచేవాడికి వ్యాయామం బాగానే అవుతుంది, కాదనను.

ఫుట్‌పాత్ ఖాళీ చేయించడం అనగానే మున్సిపాలిటీ వాళ్లు ముందు పట్టుకునేది తోపుడుబండిని. నాకిది సరైన మొదలుగా తోచదు. రాత్రి ఎనిమిదింటికి ఇడ్లీ బండి దగ్గర లైటు, నలుగురు మనుషులు ఉంటే ఆ దారిన ఒంటరిగా వచ్చే ఆడపిల్లకు ధైర్యం. పళ్ల బండి ఉంటే నడిచి వెళ్లడానికి ఒక పని. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వాళ్లకు చోటు కేటాయించమనే చెబుతోంది. దుకాణాల ముందు ఫుట్‌పాత్ వెడల్పుగా వేసి, నడిచే భాగం ఒకటి, బళ్లకూ చెట్లకూ బెంచీలకూ ఒక భాగం అని విడదీస్తే ఇద్దరూ ఇముడుతారు. ఇమడనిది ఉచిత పార్కింగు.

రోడ్డు దాటడం ఇంకో యాతన. మన పరిష్కారం ఎప్పుడూ పైవంతెనే. ఉప్పల్ చౌరస్తాలో 2023లో కట్టిన స్కైవాక్ లాంటిది, లిఫ్టులూ ఎస్కలేటర్లూ పెట్టి మెట్రో స్టేషనుకు కలిపింది, జనానికి పనికొస్తుంది. ప్రతిచోటా అంత హంగు ఉండదు. మామూలు ఫుట్ ఓవర్ బ్రిడ్జి అంటే కూర్చున్నవాడు ఆగకుండా వెళ్లడానికి నిలబడ్డవాణ్ణి రెండంతస్తులు ఎక్కించడం. చేతిలో సంచీ, చంకలో పిల్ల ఉన్నావిడ దాన్ని ఎక్కదు, డివైడరు సందులోంచి దూరి దాటుతుంది. తరవాత ఆమెకు క్రమశిక్షణ లేదంటాం. నేల మీదే, సిగ్నలుతో, జీబ్రా గీతల దగ్గర రోడ్డును ఎత్తుగా వేసి బళ్లను నెమ్మదింపజేసే దారి చవక, నమ్మకమైనది కూడా. ఇళ్ల మధ్య, బడుల దగ్గర వేగాన్ని గంటకు 30 కిలోమీటర్లకు దించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అడుగుతున్నది ఇందుకే.

ఈ దేశంలో నడిచేవాళ్లు తక్కువేమీ లేరు. 2011 జనగణన ప్రకారం, వ్యవసాయేతర పనులు చేసేవాళ్లలో ఐదో వంతుకు పైగా పనికి కాలినడకనే వెళ్లేవారు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, తాపీ మేస్త్రీలు, వాచ్‌మన్లు, చిన్న కంపెనీల్లో కూలీలు. వీళ్లకు నడక సరిపోవడం లేదన్న బెంగ లేదు, ప్రాణాలతో ఇల్లు చేరడమే బెంగ. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయిన పాదచారులు 32,825 మంది, సగటున రోజుకు 90. ఆరోగ్యకరమైన ఊరంటే బూట్లు తొడుక్కుని పార్కుకి వెళ్లే మనిషినే ఊహించుకుంటే వీళ్లు లెక్కలో ఉండరు. వీళ్ల కోసం వేసిన ఫుట్‌పాత్ అందరికీ పనికొస్తుంది.

విదేశీ నమూనాల్లో మనకు నేరుగా పనికిరానిది ఎండ లెక్క. యూరప్ వీధి ఎండను రమ్మంటుంది, మన వీధి పొమ్మనాలి. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం నీడలేని ఫుట్‌పాత్ మీద నడవమంటే అది శిక్ష. అందుకని మన దగ్గర చెట్టు అలంకారం కింద రాదు, ఫుట్‌పాత్‌కి పైకప్పు కింద వస్తుంది. హరితహారం లాంటి కార్యక్రమాల్లో కోట్లాది మొక్కలు నాటాం, కానీ నగర రోడ్ల మీద వాటిలో చాలావాటికి దక్కిన చోటు డివైడరు. ఆ నీడ ఎవరికి? ఏసీ వేసుకున్న కారు టాపుకి. ఆ కానుగ, ఆ వేప రోడ్డు పక్కకు జరిగితే నడిచే మనిషి మీద పడుతుంది నీడ. పక్కన కరెంటు తీగలుంటాయి, ఏటా కొమ్మలు కొట్టేస్తారు, కాబట్టి తీగలు భూమిలో వేయాలి. ఖర్చుతో కూడిన పనే. అయినా రోడ్డును మూడేళ్లకోసారి తవ్వుతూనే ఉన్నాం కదా.

ఆడవాళ్లలో 57 శాతం దగ్గరికి తిరిగి వద్దాం. మన పార్కులు చాలావాటిని తెల్లవారుజామున, సాయంత్రం తెరిచి మధ్యలో మూస్తారు. ఆ రెండు వేళలూ ఇంట్లో ఆవిడకు ఊపిరాడనివే. పొద్దున క్యారియర్లు, సాయంత్రం పిల్లల చదువులు, వంట. ఆమెకు దొరికే తీరిక పిల్లలు బడికెళ్లిన తరవాత, మధ్యాహ్నం మూడింటికి, లేదా రాత్రి భోజనాలయ్యాక. ఆ వేళల్లో గేటుకు తాళం, లేదా దారిలో లైటు లేదు, లేదా కుక్కలు. ఇంకా చెప్పుకోడానికి మొహమాటపడే సంగతి ఒకటుంది, శుభ్రమైన మరుగుదొడ్డి. అది లేకపోతే షుగరున్న అరవయ్యేళ్ల మనిషి, ఆడైనా మగైనా, అరగంట నడకకు బయల్దేరరు. ఇంట్లో ఆవిడ నడక చాలావరకు పనుల మీద నడకే. బడి, బ్యాంకు, రైతుబజారు. ఆ మూడింటినీ కలిపే దారిలో నీడా దీపమూ ఉంటే విడిగా వాకింగ్ పేరు ఎత్తాల్సిన పని లేదు.

ఇవన్నీ కొన్ని దేశాలకు మొదట్నుంచీ ఉన్నవే అనుకుంటే, సైకిళ్ల దేశమని పేరున్న నెదర్లాండ్స్ కథ వినాలి. రెండో ప్రపంచ యుద్ధం తరవాత అక్కడా కార్లు వీధుల్ని ఆక్రమించాయి. 1971లో రోడ్డు ప్రమాదాల్లో మూడు వేల మందికి పైగా పోయారు, అందులో నాలుగు వందల మందికి పైగా పిల్లలే. తల్లిదండ్రులు రోడ్డెక్కారు, ‘పిల్లల హత్యలు ఆపండి’ అన్నదే ఉద్యమం పేరు. ఆ వెంటనే వచ్చిన 1973 చమురు సంక్షోభం కూడా కలిసొచ్చింది. ఇప్పుడు మనం ఫొటోల్లో చూసే సైకిల్ దారులు చాలావరకు ఆ తరవాతివే. అంత సంపన్నం కాని దేశమే కావాలంటే కొలంబియా ఉంది. బొగొటాలో 1974 నుంచి ఆదివారాలు పెద్ద రోడ్లను కార్లకు మూసి జనానికి వదులుతున్నారు. ఇప్పుడు ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా, వంద కిలోమీటర్లకు మించి. కొత్తగా కట్టిందేమీ లేదు, ఉన్న రోడ్డుకు అడ్డుకర్రలు పెట్టడమే. మన దేశంలో 2013లో గుర్గావ్‌లో ‘రాహ్‌గిరీ’ పేరుతో అలాంటిది మొదలైంది. ట్యాంక్‌బండ్ మీద 2021లో పెట్టిన ఆదివారం సాయంత్రాల ముచ్చట కూడా ఈ జాతిదే. అయితే బొగొటాది దశాబ్దాలుగా వారం వారం జరుగుతోంది, మనవి ఉత్సాహం ఉన్నన్నాళ్లే నడుస్తాయి.

పల్లె సంగతి వేరే. తెలంగాణలో 2020 నుంచి ఊరూరా పల్లె ప్రకృతి వనాలు, 2022 నుంచి క్రీడా ప్రాంగణాలు వచ్చాయి. ఆలోచన మంచిది. ఊరి మధ్యలో స్థలం దొరికిన చోట పిల్లలు ఖోఖో ఆడుతున్నారు. ఊరి చివర, శ్మశానం దాపున దొరికిన చోట పిచ్చిమొక్కలు ఆడుతున్నాయి. పల్లెలో కూడా ఫర్లాంగు దూరం చేనుకు బండి మీద వెళ్లడం వచ్చేసింది. ఊరి మీదుగా రాష్ట్ర రహదారి వెళ్తే బడికి పిల్లల్ని నడిపించడానికి తల్లి భయపడుతుంది. అక్కడ కావాల్సింది జిమ్ కాదు, బడి ముందు రెండు వేగ నిరోధకాలు, రోడ్డు పక్కన మట్టి గట్టిపరిచిన ఒక కాలిబాట.

2025 మే నెలలో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. ఆక్రమణలు లేని, వికలాంగులూ వాడుకోగల ఫుట్‌పాత్ పౌరుల హక్కు, అది రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగం అని. కాలనీ సంక్షేమ సంఘాలు సాధారణంగా గేటు, సీసీ కెమెరాలు, పార్కుకి గ్రిల్లు అడుగుతాయి. ఇకనుంచి వార్డు ఆఫీసులో ఇచ్చే అర్జీలో ఈ తీర్పును ప్రస్తావించి, మా కాలనీ నుంచి బస్టాపు దాకా 1.8 మీటర్ల ఫుట్‌పాత్ ఏదని రాతపూర్వకంగా అడగొచ్చు. ఊరంతటికీ అడిగితే ఫైలు కదలదు. ఒక బడికో, ఒక బస్టాపుకో ఒకే ఒక్క దారి పేరు పెట్టి అడిగితే ఎవరో ఒక ఇంజినీరు జవాబు చెప్పక తప్పదు.

ఫ్లాటు కొనబోయేవాళ్లకు ఇంకో పని. సైటు చూపించడానికి బిల్డరు కారు పంపిస్తానంటాడు, వద్దనండి. దగ్గర్లోని బస్టాపులో దిగి, వీలైతే ఇంట్లో పెద్దావిణ్ణీ ఒక పిల్లాణ్ణీ వెంటబెట్టుకుని, సాయంత్రం ఏడింటికి అక్కడి నుంచి గేటు దాకా నడవండి. దారిలో ఒక పాల ప్యాకెట్ కొనండి. క్లబ్‌హౌస్ తరవాత చూడొచ్చు.